మైనారిటీ తీరుట

మనుష్యుడు తాను పెద్దవాడైన సంగతిని అద్దములో చూచి కాదు, ఇతరుల నోట విని తెలిసికొనును. నిన్నటివరకు గుమ్మములో నిలిచి "మీ నాన్నగారున్నారా" యని యడిగిన పొరుగాయన, ఒకనాడు పసుపు రాచిన శుభలేఖపై మన పేరే వ్రాసి, దానికి "గారు" తగిలించి, చేతికిచ్చి పోవును. నాకట్టి శుభలేఖ మొదటిసారి వచ్చినప్పుడు, అది మా తండ్రిగారిదే యనుకొని చదువకయే గూటిలో పెట్టితిని.

పల్లెలలో ఈ గుర్తింపునకు నియతమైన తిథి లేదు. మేనమామ పంచెలు తెచ్చి కట్టబెట్టిన నాడు కొంత, విందులో పిల్లల బంతినుండి పెద్దల బంతికి పిలిచిన నాడు కొంత, పొలము గట్టు తగవులో "నీవేమందువు" అని యడిగిన నాడు మరికొంత, ఇట్లు పెద్దరికము విడతలుగా వచ్చెడిది. ధర్మశాస్త్రకారులు మాత్రము లెక్క కట్టిరి. నారదస్మృతి ఎనిమిదేండ్లలోపు శిశువును గర్భస్థునితో సమానముగా నెంచి, 16 ఏండ్లవరకు పోగండుడని పేర్కొని, ఆపైన వ్యవహారజ్ఞుడన్నది. అయితే వంగదేశమున 15 నిండినంతనే పెద్దవాడు. మితాక్షర చెల్లుచోట్ల 16 నిండవలెను.

కంపెనీవారి హయాములో ఈ లెక్క భూమితో ముడిపడెను. 1804 నాటి 5వ రెగ్యులేషనుతో చెన్నరాజధానిలో కోర్టు ఆఫ్ వార్డ్సు ఏర్పడెను. పేరునకు కోర్టే గాని, నిజమునకు రెవెన్యూ బోర్డే. జమీందారు పసివారసుని విడిచి మరణించినచో ఎస్టేటు కలెక్టరు అజమాయిషీలోనికి పోవచ్చును. అప్పుడు బాలుని చదువు, భత్యము, సేవకుల జీతములు సర్కారు నిర్ణయింపవలసినవే. 1875 నాటి మెజారిటీ చట్టము సామాన్యులకు 18 ఏండ్లు చాలుననియు, ఇట్టి సంరక్షణలోని వారికి మాత్రము 21 నిండవలెననియు శాసించెను. వివాహము, దత్తత, మతాచారములు, వీని జోలికి మాత్రము పోలేదు. కావున 19 ఏండ్ల జమీందారు భార్యాపుత్రులతో కాపురము చేయుచు, దివాణములో వృద్ధుల నమస్కారము లందుకొనుచుండియు, ఎకరము పొలము కౌలు కిచ్చుటకు తన చేవ్రాలు చెల్లని బాలుడే. ప్రజల కన్నులలో ప్రభువు, కచేరీ కాగితములలో పసివాడు! తిండికి లేక పదేండ్లకే పాలేరుగా కుదిరిన పిల్లవానిని బాలుడని యెవరును అనలేదన్నది వేరు సంగతి.

ఈ విడ్డూరమునకు సాక్షిగా తెలుగులో ఒక మాట మిగిలినది. చట్టమున "మైనరు" అనగా వయస్సు చాలనివాడు. మన జనవ్యవహారమున, మెడలో గొలుసు, ఒంటిపై అత్తరు, వెంట నలుగురు స్నేహితులు, చేతినిండ డబ్బు గల షోకిల్లా. శిశువును సూచించు పదము విలాసపురుషునకు బిరుదైన ఉదంతము మరియొకటి నేనెరుగను. మీసములు వచ్చియు అధికారము రాని ఆ యువకులను చూచియే జనులీ యర్థము కల్పించిరని నా యూహ. నిఘంటుకారులు కాదన్నచో వాదింపను.

స్వతంత్రభారతమున ఓటునకును మొదట 21 ఏండ్లే నియమము. 61వ రాజ్యాంగ సవరణ వలన 1989లో అది 18కి దిగెను. మైనరు జమీందారుల 21 మాత్రము శాసనగ్రంథములో అట్లే నిలిచి, తుదకు 1999 సవరణతో తొలగెను. మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టము వచ్చి అప్పటికి 51 ఏండ్లు.