మెట్టునకు తగులు తీగ

దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్బీనగర్ వరకు మెట్రో త్రోవకు ఇరుప్రక్కలనున్న సందులలోని హాస్టళ్లలో, కోచింగు పుస్తకముల గుట్టల నడుమ గోడకు చేరవేసిన గిటారు నేడు వింత వస్తువు కాదు. ఎండలు ముదిరిన పిమ్మట దాని తీగను మీటినంతనే స్వరముతోపాటు జిర్రుమను వికృతధ్వని యొకటి వెలువడుటయు, అంగడివాడు తన్ను మోసగించెనని కొన్నవాడు తలపోయుటయు అంతే సామాన్యములు. ఆ దోషము అంగడిలో పుట్టినది కాదు. తీగ క్రింద మెట్లు (ఫ్రెట్లు) అమర్చవలెనను ఊహ మనుష్యునకు తోచిననాడే అదియు పుట్టినది.

కంపించు తీగ తనకు ఇరువైపుల కొంత చోటు కోరును. వ్రేలు అదిమిన మెట్టుకంటె పెట్టెవైపునున్న మెట్టు వెంట్రుకవాసి ఎత్తుగా నున్నను, తీగ ఊగిన ప్రతిపర్యాయము దానికి తగిలి జిర్రుమనును. తీగను ఎత్తున కట్టిన నాదము శుద్ధమగును గాని వ్రేళ్లు కాయలు కాచును. దించిన వ్రేళ్లకు సుఖము, చెవికి శిక్ష.

ఐరోపావారి పూర్వవాద్యమైన ల్యూటునకు మెట్లనగా దండిచుట్టు బిగించిన నరపు త్రాళ్లే. 1610లో లండనున వెలువడిన ల్యూటు పాఠముల సంపుటమునకు జాన్ డౌలండ్ చేర్చిన సూచనలలో, తలవైపు మెట్లకు లావుపాటి నరమును, పోను పోను సన్ననిదానిని వాడుమని యున్నది. మెట్లు క్రమముగా పలుచనైనచో తీగకు దారి చిక్కునని దాని భావము. అరిగినదానిని విప్పి క్రొత్తది కట్టుకొనవచ్చును, జరుపుకొనవచ్చును. తరువాతి కాలమున దండిలో గాడులు కోసి లోహపు మెట్లను దిగగొట్టుటతో వానికి మన్నిక కలిగినది, మార్పు పోయినది.

1920ల దశకమున అమెరికాలోని మార్టిన్ కర్మాగారము మొదలగునవి నరపుతీగెలకు మారుగా ఉక్కుతీగెలు వేయసాగినంత కథ ముదిరినది. ఆరు ఉక్కుతీగెలు కలిసి సుమారు 70 కిలోల బరువంత లాగును. అంత లాగుడునకు కొయ్యదండి ధనుస్సువలె వంగకేమి చేయును? గిబ్సన్ సంస్థలోని థాడియస్ మెక్‌హ్యూ దండిగర్భమున ఉక్కుకడ్డీ నిమిడ్చి మరతో బిగించు ఉపాయము పన్ని, 1923లో పేటెంటు పొందెను. మార్టిన్ వారు మాత్రము తమ పట్టుదల విడువక, అట్టి కడ్డీని 1985లో గాని స్వీకరింపలేదు. మెట్టు కదలదు కనుక దండినే కదపవలసిన గతి పట్టినది.

మన దేశమున ఈ చిక్కు వేరు దారి త్రొక్కినది. అళియ రామరాజు ఆజ్ఞచే 1550లో రామామాత్యుడు రచించిన స్వరమేళకళానిధిలో, ఎల్ల రాగములకు చాలునట్లు మెట్లు నెలకొల్పిన వీణయు, రాగమునకొక తీరున మెట్లు జరుపుకొను వీణయు వేర్వేరుగా చెప్పబడినవి. మొదటి తెగయే నిలిచినది. 24 మెట్ల వీణ తంజావూరు రఘునాథనాయకుని కాలమున స్థిరపడెనని ప్రసిద్ధి. అయినను మన శిల్పి మెట్టును కొయ్యలోనికి దిగగొట్టలేదు. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో నేటికిని పనసకర్ర దండిపై, బొగ్గుపొడి కలిపిన మైనమును రెండు గట్లుగా పోసి, దానిపై లోహపు మెట్లను ఒక్కొక్కటిగా నొక్కి, తీగ మీటి విని, తగిలిన మెట్టును అణచి, అణగినదానిని లేపి మేళము కట్టుదురు. మైనము ఎండకు మెత్తబడును, మెట్టు దిగును. కొన్నియేండ్లకొకసారి మేళము తిరుగగట్టించుకొనుట వైణికులకు వాడుక. శ్రమయైనను నాకు ఈ యేర్పాటే సహృదయమైనదిగా తోచును, మెట్టు తప్పును మెట్టునందే దిద్దవచ్చును గదా. ఇంకొక విచిత్రము: గిటారువాడు తరిమివేయజూచు ఆ జిర్రునే తంబురవాడు గుఱ్ఱము (బ్రిడ్జి) మీద తీగక్రింద నూలుపోగు జరిపి కోరి పిలుచుకొనును.

ఇక గిటారునకు ఇంటిలో మరమ్మతునకు పూనుకొనువాడు మొదట చేయవలసినది చూచుట. బొటనవ్రేలివైపు లావుతీగను మొదటి మెట్టువద్దను, దండి పెట్టెతో కలియు మెట్టువద్దను ఒకేసారి అదిమిన, ఆ తీగయే సరళరేఖ యగును. నడుమ ఆరేడు మెట్లవద్ద దానిక్రింద దళసరి కాగితము పట్టునంత సందుండవలెను. సందు లేనిచో అలెన్ కీతో కడ్డీమరను ఎడమకు పావుచుట్టుకంటె మించకుండ వదలుచేసి, శ్రుతి సరిచేసి మరల చూడవలెను. తీగ ఎత్తు పెంచుటకు ఈ మరను త్రిప్పుట తగదు. అది వంపునకే గాని ఎత్తునకు కాదు. వట్టితీగ మాత్రమే జిర్రుమన్న తలవైపు నట్టు గాడి లోతైనదని యర్థము. ఒకానొక చోటనే పలికిన, మూడు మెట్లపై ఇనుప స్కేలుముక్క నానించి, అది తూగిన నడిమెట్టు ఎత్తని యెరుంగవలెను. ఆకురాయి పని నేర్చినవానికి దానిని విడుచుట మేలు.

అన్ని మెట్లపైనను జిర్రుమన్న మాత్రము మన వేసవినే తప్పుపట్టవలెను. పొడిగాలికి కలప ముడుచుకొని పెట్టె పైపలక దిగును, దానితో తీగయు దిగును. పెట్టెపై తీగలను మోయు శాడిల్ క్రింద పలుచని అట్టముక్క వేసి లేపిన తాత్కాలికముగా నెగ్గును. పన్నెండవ మెట్టువద్ద లావుతీగ రమారమి 2.5 మిల్లీమీటర్ల ఎత్తుననున్న చాలును. గదిలో కూలరు తిరుగుచున్నచో ఈ లెక్కయు తప్పును, దాని చెమ్మకు పలక మరల ఉబ్బును. తొలకరి కురిసినంత తీగలు మరింత ఎగసి వ్రేళ్లను కోయును గనుక, మేలో వేసిన అట్టముక్కను జూలైలో తీసివేయక తప్పదు.