గాలి దిద్దిన రూపము

వేగముగా సంచరించు ప్రాణులకు ఒక విశిష్టమైన ఆకృతి ఉండును. చెరువులో ఈదు కొర్రమేనును, కోడిపిల్లపై వాలు డేగను పాఠకులు చూచియుందురు. వాని ముందుభాగము నునుపుగా గుండ్రము తిరిగియుండును. వెనుకకు పోను పోను శరీరము సన్నబడును. అడ్డు వచ్చు నీటిని గాని, గాలిని గాని ఎక్కువగా కలచకుండ సాగిపోవుటకు ఆ ఆకృతి తోడ్పడును. మన కంటికి అది అందముగా కూడ కనబడును.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత ఐరోపాలో తయారైన కొన్ని స్పోర్ట్సు కార్లను చూచినపుడును ఇట్టి ఆనందమే కలుగుచున్నది. అరువది, డెబ్బది ఏండ్లు గడచినను వానిని చూచుటకు జనులు ప్రదర్శనశాలలకు పోవుచున్నారు. గాలిశాస్త్రము ననుసరించి నిర్మించిరి గనుకనే అవి అంత అందముగా నున్నవని చాలమంది చెప్పుదురు. ఈ మాటలో సగము సత్యము కలదు. మిగిలిన సగము తెలియవలెనన్నచో ఆ కార్ల చరిత్రను, ముఖ్యముగా ఇంగ్లండులోని జాగ్వార్ సంస్థ చరిత్రను పరిశీలింపవలెను.

గాలి వసూలు చేయు సుంకము

గాలి కంటికి కనబడదు గనుక దాని బరువును మనము మరచిపోవుదుము. ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోగ్రాములు తూగును. కారు ముందుకు పోవలెనన్నచో ప్రతి క్షణమును ఈ గాలిని పక్కకు నెట్టవలెను. వేగము రెట్టింపైనచో గాలి నిరోధము నాలుగు రెట్లగును. ఆ నిరోధమును జయించుటకు ఇంజను ఇయ్యవలసిన శక్తి ఎనిమిది రెట్లగును. గంటకు 100 కి.మీ. వేగముతో పోవునపుడు ఒక కారు గాలి కొరకే 20 అశ్వశక్తులు వెచ్చించుచున్నదని అనుకొందము. 200 కి.మీ. వేగమున అదే కారు గాలికి 160 అశ్వశక్తులు చెల్లింపవలెను. వేగము కోరువానినుండి గాలి వసూలు చేయు సుంకము ఇంత కఠినమైనది.

ఈ నిరోధము ముఖ్యముగా రెండు విషయములపై ఆధారపడును. కారునకు ఎదురుగా నిలిచి చూచినపుడు కనబడు వైశాల్యము మొదటిది, ఆకృతి రెండవది. ఆకృతి యొక్క మంచిచెడ్డలను తెలుపు సంఖ్యను నిరోధ గుణకము అందురు. అది ఎంత తక్కువయైన అంత మేలు. ముందుభాగము మొనదేలియున్న చాలునని మనకు తోచును గాని, వెనుకభాగము అంతకంటె ముఖ్యమైనది. వెనుక హఠాత్తుగా తెగిపోయిన వస్తువు వెంట గాలి సుడులు తిరుగును. అచట పీడనము తగ్గి, వస్తువును వెనుకకు లాగును. చేప శరీరము తోకవైపు మెల్లమెల్లగా సన్నబడుటలోని రహస్యమిదియే.

కంటితో కొలిచినవారు

విలియమ్ లయన్స్ అను ఇంగ్లీషు యువకుడు 1922లో బ్లాక్‌పూల్ పట్టణమున ఒక భాగస్వామితో కలిసి మోటారు సైకిళ్లకు తగిలించు పక్కబండ్లను తయారుచేయు చిన్న సంస్థను స్థాపించెను. క్రమముగా అది కార్లను నిర్మించు సంస్థయై కోవెంట్రీ నగరమునకు తరలెను. 1935లో తన కార్లకు "జాగ్వార్" అను పేరు వాడసాగెను. 1945లో సంస్థ పేరును అదే అయ్యెను. యుద్ధకాలమున శత్రువుల బాంబులవలన నిప్పంటుకొనునేమోయని ఇంజనీర్లు కర్మాగారమునకు రాత్రులు కాపలా కాసెడివారు. ఆ రాత్రులందు విలియమ్ హేన్స్, వాల్టర్ హసన్, క్లాడ్ బెయిలీ అనువారు లయన్స్‌తో కూడి ఒక క్రొత్త ఇంజనును గూర్చి చర్చించుచుండిరి. ఆరు సిలిండర్లు వరుసగా నిలిచియున్న ఆ ఇంజను 1948లో లండను ప్రదర్శనమున ఎక్స్‌కె 120 అను కారులో లోకమునకు కనబడెను. మరుసటి ఏట బెల్జియమ్ దేశములోని ఒక తిన్నని రహదారిపై ఈ కారు గంటకు 213 కి.మీ. వేగమును చూపెను.

ఎక్స్‌కె 120 ఆకృతిని ఏ గణితమును నిర్ణయింపలేదు. లయన్స్ రేకులతో నిండు పరిమాణపు నమూనా చేయించి, దూరమున నిలిచి చూచి, వంపులను సరిదిద్దించుచుండెను. ఇటలీలోని మోడెనా నగరమున సెర్జియో స్కాలియెట్టి పనివారి పద్ధతియు ఇంచుమించు ఇట్టిదే. వారు ఇసుక సంచులపై అల్యూమినియమ్ రేకులను సుత్తితో కొట్టి ఫెరారీ కార్లకు దేహములను తీర్చిరి. 1957 చివర వెలువడిన ఫెరారీ టెస్టా రోస్సా కారునకు ముందు చక్రముల వెనుక లోతైన కోతలు కలవు. బ్రేకులకు చల్లని గాలి తగులుటకై ఏర్పడిన ఆ రూపమును నేటికిని అందరు మెచ్చుకొందురు. కాని హెచ్చు వేగమున ఆ కోతలు గాలిని కలచి నిరోధమును పెంచుచున్నవని తేలుటచే తరువాతి కార్లలో వానిని విడిచిపెట్టిరి. కన్ను మెచ్చినదానిని గాలి మెచ్చలేదు.

కాగితముపై లెక్కించినవాడు

ఫ్రాన్సు దేశమున లె మాన్స్ పట్టణమువద్ద 1923 మొదలు ఒక పందెము జరుగుచున్నది. అందు కార్లు ఇరువదినాలుగు గంటలు ఆగక పరుగెత్తవలెను. బాటలో ఒక భాగము అప్పట్లో సుమారు 6 కి.మీ. తిన్నగా ఉండెడిది. అట్టి చోట గాలి సుంకము తగ్గించుకొనినవానిదే పైచేయి. ఈ పందెమును గెలువదలచి జాగ్వార్ సంస్థ మాల్కమ్ సేయర్ అను ఇంజనీరును చేర్చుకొనెను.

సేయర్ 1916లో జన్మించెను. యుద్ధకాలమున బ్రిస్టల్ విమాన సంస్థలో పనిచేసి, విమానముల చుట్టు గాలి ఎట్లు ప్రవహించునో అభ్యసించినవాడు. ఆయన తనను అలంకారకుడని పిలుచుటకు ఇష్టపడలేదు. తాను గాలిశాస్త్రజ్ఞుడననియే చెప్పుకొనెను. ఆయన పనిముట్లు స్లైడ్ రూలు, సంవర్గమానముల పట్టికలు. కారు పొడవునా ఒక్కొక్క బిందువు ఎంత ఎత్తున, ఎంత వెడల్పున ఉండవలెనో సమీకరణముల సాయముతో లెక్కించి, ఆ బిందువులను కలిపి వక్రరేఖలను గీయును. దీర్ఘవృత్తపు వంపులు ఆయన కార్లన్నిటిలోను కనబడును. తయారైన కారునకు ఊలు పోగులను అంటించి, దానిని పరుగెత్తించి, పోగులు ఎటు వాలుచున్నవో పరిశీలించుటయు కలదు. పోగు తిన్నగా పడుకొన్నచో గాలి సాఫీగా పోవుచున్నదని అర్థము. గిలగిల కొట్టుకొన్నచో అచట సుడి ఉన్నదని అర్థము.

ఆయన తీర్చిన సి-టైపు కారు 1951లో లె మాన్స్‌లో గెలిచెను. 1952లో మాత్రము పరాభవము కలిగెను. జర్మనీ మెర్సిడెస్ కార్ల వేగమునకు జంకి, జాగ్వార్ సంస్థ తొందరపాటున ముక్కు మరింత పొడవు చేసి గాలి ద్వారమును కుదించెను. ఇంజనుకు చల్లదనము చాలక మూడు కార్లును పందెమునుండి తొలగెను. గాలిని తప్పించుకొనుటయే కాదు, కావలసినంత గాలిని లోనికి రానిచ్చుటయు అవసరమే అని ఆ ఓటమి నేర్పెను. 1953లో సి-టైపు మరల గెలిచెను. సగటు వేగము గంటకు సుమారు 170 కి.మీ. ఆ గెలుపునకు ముఖ్యకారణము ఆకృతి కాదు, డన్‌లప్ సంస్థ సమకూర్చిన పళ్లెపు బ్రేకులు. అంతకు మునుపటి బ్రేకులు డోలు వంటి మూసిన గిన్నెలో ఉండెడివి. మాటిమాటికి వాడినచో లోపల వేడి నిలిచి పట్టు తప్పెడిది. పళ్లెము గాలిలో తెరపిగా తిరుగుటచే త్వరగా చల్లారును. ఆగగల ధైర్యము ఉన్నవాడే వేగముగా పోగలడు.

1955 జూన్ 11

1954లో సేయర్ డి-టైపు కారును రూపొందించెను. విమానమువలె అల్యూమినియమ్ రేకులే బలమునిచ్చు గుల్ల దాని నడిమి భాగము. ఇంజను క్రిందనుండు నూనె తొట్టిని తొలగించి, నూనెను వేరుచోట నిలువచేయుటచే ఇంజను క్రిందికి దిగెను; కారు ఎత్తు తగ్గెను. చోదకుని తల వెనుక చేప వాజము వంటి రెక్క నిలిపిరి. గాలి పక్కనుండి తోసినను కారు దారి తప్పకుండుటకు అది తోడ్పడును. తిన్నని బాటపై దీని వేగము గంటకు 270 కి.మీ. దాటెను.

1955 జూన్ 11వ తేదీన లె మాన్స్‌లో డి-టైపునకును, మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ కార్లకును గొప్ప పోటీ జరుగుచుండెను. మెర్సిడెస్ వారికి పళ్లెపు బ్రేకులు లేవు. బదులుగా చోదకుని వెనుక ఒక పెద్ద పలకను పైకి లేపి, గాలి నిరోధముచేతనే వేగమును తగ్గించు ఏర్పాటు చేసికొనిరి. సాయంకాలము జాగ్వార్ నడుపుచున్న మైక్ హాథార్న్ తన బృందము నిలిచిన చోట ఆగుటకు బ్రేకు వేసెను. వెనుక వచ్చుచున్న లాన్స్ మాక్లిన్ అతనిని తప్పింపబోయి పక్కకు మరలెను. అంతకంటె వేగముగా వచ్చుచున్న పియెర్ లెవె నడుపు మెర్సిడెస్ కారు మాక్లిన్ కారును తాకి, గాలిలోనికి లేచి, జనసమూహముపై విరిగి పడెను. తేలికదనము కొరకు వాడిన మెగ్నీషియమ్ మిశ్రలోహము భగ్గున మండెను. లెవెతోపాటు ఎనుబదిమందికి పైగా ప్రేక్షకులు మరణించిరి.

మెర్సిడెస్ సంస్థ ఆ రాత్రియే తన కార్లను విరమించెను. డి-టైపు గెలిచినదే గాని, ఆ గెలుపులో సంతోషము లేదు. విచారణలో తప్పు ఏ ఒక్క చోదకునిదియు కాదని, బాటయే చాలదని తేలెను. 1923 నాటి బాట కార్ల వేగముతో పాటు పెరుగలేదు. వేగము రెట్టింపైన కారు మోసికొనిపోవు శక్తి నాలుగు రెట్లు. ఆ శక్తిని ఆపుటకు ప్రేక్షకుల యెదుట ఒక మట్టికట్ట మాత్రమే ఉండెను. మరుసటి ఏటికి ఆ చోట బాటను వెడల్పు చేసి, ప్రేక్షకుల గ్యాలరీలను వెనుకకు జరిపి కట్టిరి. స్విట్జర్లండు దేశమైతే ఇట్టి పందెములనే నిషేధించి, ఆ నిషేధమును అనేక దశాబ్దములు నిలిపెను. ఈ కార్ల అందమును గూర్చి చెప్పువారు ఈ దినమును విడిచిపెట్టరాదు.

ఇ-టైపు

డి-టైపు 1956, 1957 పందెములను కూడ గెలిచెను. అందు నేర్చిన విద్యనంతయు సేయర్ సామాన్య రహదారులపై తిరుగు కారునకు వినియోగించెను. 1961 మార్చిలో జెనీవా నగరమున ఇ-టైపు వెలువడినది. ఇంజను 3.8 లీటర్లు, నాలుగు చక్రములకును పళ్లెపు బ్రేకులు, సంస్థ ప్రకటించిన వేగము గంటకు సుమారు 240 కి.మీ.; ధర ఇంచుమించు 2,000 పౌనులు. ఇంత వేగము గల ఇటలీ కార్ల ధర దీనికి రెట్టింపునకు పైగా ఉండెడిది. 1974 వరకు డెబ్బది వేలకు పైగా ఇ-టైపులు తయారైనవి. 1996లో న్యూయార్కులోని ఆధునిక కళా ప్రదర్శనశాల తన సేకరణలో ఒక ఇ-టైపును చేర్చుకొనెను. ఆ గౌరవమును చూచుటకు సేయర్ లేడు; ఆయన 1970లోనే మరణించెను.

ఇంత శాస్త్రీయముగా తీర్చిన ఈ కారు గాలికి ఎంత అనుకూలము? తరువాతి కాలమున గాలి సొరంగములో కొలువగా దీని నిరోధ గుణకము సుమారు 0.44 అని తేలినది. నేడు సామాన్య కుటుంబములు వాడు కార్లలో 0.30 కంటె తక్కువ గలవి అనేకము. పెట్టె వలె కనబడు నేటి కారు, బాణము వలె కనబడు ఇ-టైపు కంటె సులువుగా గాలిని చీల్చుకొనిపోవుచున్నది! అంతేకాక ఇ-టైపు పైభాగము విమానపు రెక్కవలె వంగియుండుటచే, హెచ్చు వేగమున పైనున్న గాలి పీడనము తగ్గి కారు ముందుభాగము తేలికపడును. కదలుచున్న రైలు కిటికీలోనుండి అరచేతిని కొంచెము ఏటవాలుగా చాచినవారికి గాలి పైకెత్తు బలము అనుభవమే. ఈ బలమును అణచుటకే 1972లో పోర్షే సంస్థ తన కారెరా ఆర్ఎస్ కారు వెనుక బాతుతోక వంటి పలకను అమర్చెను. సేయర్ నాటి పరికరములతో ఇదంతయు ముందుగా కొలుచుట సాధ్యము కాలేదు. ఇ-టైపు దీపములపై నుండిన అందమైన గాజు మూతలు అమెరికా భద్రతా నిబంధనలవలన 1967-68లో తొలగినవి; ముక్కు ద్వారము, ఇంజను చల్లదనము కొరకు, 1968లో పెద్దదయ్యెను.

అట్లయినచో అందము ఎక్కడిది?

ఆకృతి గాలికి పూర్తిగా అనుకూలము కాకున్నను కన్ను ఎందుకు మెచ్చుచున్నది? ఇ-టైపు రూపములో ప్రతి భాగమునకును ఒక కారణము కనబడుచున్నది. ఆరు సిలిండర్ల ఇంజను పొడవైనది, కనుక ముందుమూత పొడవైనది. ఇంజను ఎత్తుగా ఉన్నది, దేహము పల్లముగా ఉండవలెను, కనుక మూత నడుమ ఉబ్బు కలదు. మనుషులు ఇరువురే, కనుక గది చిన్నది. లోపల నున్నదానిని దాచుటకు పూసిన పూత ఏదియు లేదు. ఒక వంపు ఎచట మొదలైనను గణితము విడువకుండ కొసవరకు సాగును. ఎచటను చేయి వణికిన జాడ కనబడదు. మంచి వీణ దండిలో, మంచి నాగలి మేడిలో మనము మెచ్చుకొనునదియు ఇట్టి పొందికయే.

కావున గాలిశాస్త్రము ఈ కార్లకు అందమునిచ్చినదనుట సగము సత్యము. శాస్త్రము వారిచే ప్రశ్నలు అడిగించినది. ఆ ప్రశ్నలకు నాటి మనుషులు శ్రద్ధతో వ్రాసిన సమాధానములే ఈ రూపములు. కొన్ని సమాధానములు సరియైనవి, కొన్ని కావు, కొన్నింటికి ప్రాణములు మూల్యమైనవి. కంటికి నచ్చిన రూపము పరిశోధనకు ప్రేరణ కావచ్చును గాని, ప్రమాణము కాజాలదు. ఆ తీర్పు చెప్పవలసినది కొలబద్దయే. అందమును చూచి ఆనందించుదము; సత్యమును మాత్రము కొలిచి తెలిసికొందము.