ఉక్కు కవచం, ఐదుగురు మనుషులు

డిసెంబర్ రెండో శనివారం అమెరికాలో ఆర్మీ, నేవీ అకాడమీల కుర్రాళ్లు ఫుట్‌బాల్ ఆడతారు. ఆ మ్యాచ్ దగ్గరపడితే నాకు బంతితో పరుగెత్తేవాడికంటే ముందు, అతనికి అడ్డుగా వంగి నిలబడే ఐదుగురు గుర్తొస్తారు. మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డులు, చివరన టాకిల్స్. ఆఫెన్సివ్ లైన్ అంటే వీళ్లే. స్కోరు బోర్డులో వీళ్ల పేరుండదు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీద చెయ్యి పడకుండా కాయడమే వీళ్ల పని. యుద్ధనౌకకు కవచం ఎలాగో జట్టుకు వీళ్లు అలాగ.

చెక్క ఓడల శతాబ్దాలు అలా ఉంచుదాం. 1862లో, అమెరికా అంతర్యుద్ధంలో, మానిటర్, వర్జీనియా అనే ఇనుప ఓడలు గంటల తరబడి గుండ్లు కురిపించుకున్నా ఏదీ మునగలేదు. ఏడేళ్లకు రట్గర్స్, ప్రిన్స్‌టన్ తొలి కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడాయి. అప్పట్లో ఆటంటే తోపులాటే. ప్రాణాలు పోవడం మొదలయ్యాక 1906లో నియమాలు మార్చి, బంతిని ముందుకు విసరనిచ్చారు. బ్రిటన్ డ్రెడ్‌నాట్ యుద్ధనౌకను నీళ్లలోకి దించిందీ ఆ ఏడాదే. 1916లో నౌకాదళంలో చేరిన అమెరికా యుద్ధనౌక నెవాడా కవచానిది మరో పద్ధతి. ఉక్కంతా ఇంజన్లు, మందుగుండు గదుల చుట్టూ పేర్చి, మిగతా చోట్లు దాదాపు వదిలేశారు. మన ఐదుగురూ అంతే, మైదానమంతా కాయరు. ప్రాణం ఎక్కడుందో అక్కడే గోడ కడతారు.

1941 నవంబర్ 29న ఫిలడెల్ఫియాలో జరిగిన ఆర్మీ–నేవీ మ్యాచ్ దగ్గర మాత్రం ఆగకుండా ఉండలేను. ఆ రోజు ప్రేక్షకులకు అమ్మిన పుస్తకంలో అలలను చీల్చుకొస్తున్న ఆరిజోనా యుద్ధనౌక ఫొటో ఉంది. విమానాల అభిమానులు ఏమన్నా, బాంబులతో ఇంతవరకు ఒక్క యుద్ధనౌకా మునగలేదని దాని కింద రాశారు. నేవీ 14–6తో గెలిచింది. సరిగ్గా ఎనిమిది రోజులకు, డిసెంబర్ 7న, పెర్ల్ హార్బర్‌లో జపాన్ విమానం వేసిన ఓ బాంబు ఆరిజోనా ముందుభాగంలోని మందుగుండును పేల్చింది. ఆ నౌకలో 1,177 మంది పోయారు. ఆ గ్యాలరీల్లో చప్పట్లు కొట్టిన నేవీ కుర్రాళ్లను తలచుకుంటే గొంతు పట్టేస్తుంది.

ఆ నౌక గంటల్లో ఒకదాన్ని 1944లో కరిగించబోతుంటే, యూనివర్సిటీ ఆఫ్ ఆరిజోనా పూర్వ విద్యార్థి బిల్ బవర్స్ చూసి ఆపించాడు. అది ఆ యూనివర్సిటీ టుసాన్ క్యాంపస్‌కు చేరింది. అక్కడి ఫుట్‌బాల్ జట్టు గెలిచినప్పుడు దాన్ని మోగించే ఆచారం వచ్చింది. నాకు ఇంతకంటే మంచి నివాళి తోచదు.

సముద్రంలో గాల్లోంచి వచ్చిన దాడి కవచాన్ని ఓడించింది. చివరిగా మిగిలిన యుద్ధనౌక మిస్సోరి 1992లో విశ్రాంతి తీసుకుంది. మైదానంలో మాత్రం కథ ఎదురు తిరిగింది. బంతి గాల్లోకి లేచేకొద్దీ, దాన్ని విసిరేవాడికి కాపలా ఇంకా ఎక్కువ కావాల్సి వచ్చింది. 1936లో ఫోర్డ్‌హామ్ కాలేజీ జట్టులోని ఏడుగురి లైనుకు ‘ఏడు గ్రానైట్ దిమ్మెలు’ అని పేరు. అందులోని విన్స్ లాంబార్డి 200 పౌండ్లు కూడా లేడు. ఇప్పుడు పెద్ద కాలేజీల్లో 300 పౌండ్లు మామూలు. ఆటగాళ్లకు కాలేజీ మారడం సులువైంది, డబ్బు చేతికొస్తోంది, ఐదుగురూ రెండేళ్లు కలిసి ఉంటే గొప్ప.

అయినా పరాయి స్టేడియంలో, క్వార్టర్‌బ్యాక్ అరుపు వినపడనంత హోరులో, గార్డు వెనక్కి చూసి సెంటర్‌ను చేత్తో తడతాడు. సెంటర్ తల ఊపుతాడు. ఐదుగురూ ఒక్కసారే లేస్తారు.