పెంపుడు టరాంటులాలకు అంతుచిక్కని జబ్బు: కారణాన్ని ఎలా పట్టుకుంటారు?

సాలీళ్లలో అతి పెద్దవైన టరాంటులాలను గాజుపెట్టెల్లో పెంచుకునేవారు ప్రపంచమంతటా ఉన్నారు. వారు ముచ్చటపడి కోరుకునే జాతుల్లో ఒకటి మన తెలుగు నేలకు చెందినదే. మెరిసే నీలిరంగులో ఉండే ఆ ప్రాణి అనంతపురం జిల్లాలోని గుత్తి పేరుతో ప్రసిద్ధి పొందింది. అయితే పెట్టెల్లో పెరిగే టరాంటులాలకు అప్పుడప్పుడు వింత జబ్బులు సోకుతుంటాయి. ప్రాణి ఉన్నట్టుండి మేత మానేస్తుంది. కాళ్లు వణుకుతాయి, నడక తడబడుతుంది. కొన్నిచోట్ల ఒకదాని తర్వాత ఒకటిగా పెట్టెలు ఖాళీ అవుతాయి. ఇటువంటి జబ్బుల్లో ఒకదాని గుట్టు 2022లో చాలావరకు బయటపడింది. మరొకటి మాత్రం నేటికీ పేరు తెలిసి కారణం తెలియని స్థితిలోనే ఉంది.

గుత్తి సాలీడు కథ

ఈ సాలీడును 1899లో బ్రిటిష్ జీవశాస్త్రజ్ఞుడు ఆర్.ఐ. పోకాక్ తొలిసారి శాస్త్రీయంగా వర్ణించి, పొయెసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టారు. ఆయనకు అందిన నమూనా గుత్తి రైల్వే కలప నిల్వల్లో దొరికింది. ఆ తర్వాత వందేళ్లపాటు దాని జాడ ఎవరికీ తెలియలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో అది మళ్లీ కనిపించింది. గుత్తికి దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న అడవి అది. కలపతో పాటు రైలెక్కి గుత్తికి చేరి ఉంటుందన్న ఊహకు ఈ దూరమే ఆధారం. ఊరి పేరు మోస్తున్న సాలీడు ఆ ఊరిది కాకపోవడం విచిత్రమే!

ముదురు చెట్ల తొర్రల్లో నివసించే ఈ జాతికి, తెలిసినంతలో, 100 చదరపు కిలోమీటర్ల లోపు అడవే ఆవాసం. వంటచెరకు కోసం చెట్లు నరకడంతో ఆ ఆవాసం కూడా దెబ్బతింటోంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2008లో దీనిని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. మరోవైపు విదేశీ పెంపకందారుల వద్ద దీని సంతతి విస్తారంగా పెరుగుతోంది. అందువల్ల పెట్టెల్లో వచ్చే జబ్బు పెంపకందారుల సొంత సమస్యగా మాత్రమే మిగలదు. జబ్బేమిటో తేలని ప్రాణులను ఏ రోజునైనా అడవిలో వదిలితే, అక్కడ మిగిలిన కొద్దిపాటి సంతతికి కొత్త వ్యాధిని అంటగట్టినట్టవుతుంది.

లక్షణాలన్నీ ఒకేలా ఎందుకుంటాయి?

టరాంటులా జబ్బును గుర్తించడం కష్టం. అందుకు మొదటి కారణం దాని శరీర నిర్మాణమే. కాళ్లను ముడవడానికి సాలీడుకు కండరాలున్నాయి. ప్రధానమైన కొన్ని కీళ్లను చాచడానికి మాత్రం కండరాలు లేవు. శరీరంలోని రక్తద్రవాన్ని ఒత్తిడితో కాళ్లలోకి పంపి వాటిని చాస్తుంది. మట్టి తవ్వే యంత్రపు చెయ్యి నూనె ఒత్తిడితో కదిలినట్టే ఇదీ. ఒత్తిడి తగ్గితే కాళ్లు వాటంతటవే శరీరం కిందికి ముడుచుకుపోతాయి. నీరు చాలకపోయినా, గాయమై ద్రవం కారిపోయినా, విషం ఎక్కినా, పురుగు సోకినా, చివరికి కనిపించే దృశ్యం అదే. ముడుచుకున్న కాళ్లను బట్టి ప్రాణి ఆపదలో ఉందని చెప్పవచ్చు. ఆ ఆపద ఏమిటో చెప్పలేం.

అసలు జబ్బే కాని మార్పులూ ఉన్నాయి. కుబుసం విడిచే ముందు టరాంటులా వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి మేత ముట్టదు. కుబుసం విడిచే సమయంలో వెల్లకిలా పడుకుంటుంది. చనిపోయిందనుకుని దానిని తిప్పిపెట్టినవారు, ఇంకా గట్టిపడని ఆ మెత్తటి శరీరానికి ప్రాణాపాయం తెచ్చిపెట్టిన సందర్భాలున్నాయి. ఇక మగ సాలీళ్ల ఆయుష్షే తక్కువ. గుత్తి జాతిలో ఆడవి పదేళ్లకు పైగా బతుకుతాయి. మగవి మూడు నాలుగేళ్లకే ముగిసిపోతాయి. యుక్తవయసు దాటిన మగ సాలీడు క్రమంగా నీరసించడం వార్ధక్యమే తప్ప వ్యాధి కాదు.

నోట్లో తెల్లటి పదార్థం

గుట్టు బయటపడిన జబ్బు నోటికి సంబంధించినది. సోకిన సాలీడు మేత మానేస్తుంది. నోటి చుట్టూ తెల్లటి జిగురు పదార్థం కనిపిస్తుంది. కోరల పక్కనుండే చేతులవంటి అవయవాలు క్రమంగా పట్టు తప్పుతాయి. ఆ తెల్లటి పదార్థాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే అందులో వేలకొద్దీ నులిపురుగులు మెలికలు తిరుగుతూ ఉంటాయి. టరాంటులాల నోటిలో నులిపురుగుల గురించి 2003లోనే బ్రిటన్ పశువైద్య పత్రిక 'వెటర్నరీ రికార్డ్'లో నివేదిక వెలువడింది. అయితే అవి ఏ జాతివి, ఎలా చంపుతున్నాయి అనే ప్రశ్నలు మిగిలిపోయాయి.

అమెరికాలో ఒక వాణిజ్య పెంపకందారు వద్ద టరాంటులాలు ఇదే విధంగా చనిపోతుండడంతో విషయం రివర్‌సైడ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చేరింది. అక్కడి పరాన్నజీవి శాస్త్రవేత్త ఆడ్లర్ డిల్మన్ బృందం ఆ పురుగులను వేరుచేసి, పెంచి, వాటి శరీర నిర్మాణాన్ని, జన్యుక్రమాన్ని పరిశీలించింది. అది కొత్త జాతి అని తేలింది. 2022లో దానికి టరాంటోబెలస్ జెఫ్‌డానియల్సి అని పేరు పెట్టారు. సాలీళ్ల దండయాత్రపై 1990లో వచ్చిన 'అరాక్నోఫోబియా' అనే హాలీవుడ్ చిత్రంలో కథానాయకుడు జెఫ్ డానియల్స్. చిత్రంలో సాలీళ్లతో పోరాడిన నటుడి పేరు, సాలీళ్లను చంపే పురుగుకు స్థిరపడింది.

ఈ పురుగు నేరుగా సాలీడును తింటున్నట్టు కనిపించలేదు. నోటిలోని బ్యాక్టీరియాను ఆహారంగా తీసుకుంటూ వృద్ధి చెందుతుందని పరిశోధకులు భావిస్తున్నారు. కానీ సాలీడు ఆహారాన్ని నమలదు. వేటను బయటే ద్రవంగా మార్చి పీల్చుకుంటుంది. నోరు పనిచేయకపోతే దానికి మరో మార్గం లేదు. అందుకే చావు వెంటనే రాదు, నెలల తరబడి సాగే ఆకలిచావుగా వస్తుంది. నమ్మదగిన చికిత్స ఇంకా లేదు. నులిపురుగులను చంపే మందులు సాలీడుకే ప్రమాదం కాగలవు. కాబట్టి సోకినదాన్ని వేరుచేయడం, కొత్తగా తెచ్చినదాన్ని కొంతకాలం దూరంగా ఉంచడం, తినగా మిగిలిన పురుగుల ముక్కలను ఎప్పటికప్పుడు తీసేయడం తప్ప దారి లేదు. ఆ ముక్కలపై వాలే చిన్న ఈగలు పెట్టె నుంచి పెట్టెకు నులిపురుగులను మోస్తాయన్న అనుమానం బలంగా ఉంది.

ఇంకా తేలని జబ్బు

రెండోదాన్ని డిస్కైనెటిక్ సిండ్రోమ్ అంటారు. కదలికల మీద అదుపు తప్పడం అని దాని అర్థం. కాళ్లు జెర్కులిస్తాయి, ఒక కాలు ఒకవైపు, మరో కాలు ఇంకోవైపు పోతుంది, వేట పట్టలేదు, చివరికి మరణిస్తుంది. ఇది లక్షణాల సముదాయానికి పెట్టిన పేరు మాత్రమే. నరాలపై పనిచేసే పురుగుమందులు కీటకాలలో ఇటువంటి లక్షణాలనే కలిగిస్తాయి కనుక అనుమానం ముందుగా వాటిపైకే పోతుంది. మేతగా వేసే కీచురాళ్లు తిన్న కూరగాయల మీద మందు మిగిలి ఉండవచ్చు. ఇంట్లో కుక్కకు పిడుదుల మందు రాసిన చేతులతోనే పెట్టె తెరిచి ఉండవచ్చు.

దోమల నివారణ సాధనాలనూ మరచిపోరాదు. భిలాయ్‌లోని వైశాలి నగర్ అయినా, మన కర్నూలు అయినా, చాలా ఇళ్లలో రాత్రిళ్లు వెలిగించే కాయిల్స్, ప్లగ్గుకు పెట్టే ద్రవాల్లో సాధారణంగా ఉండేవి పైరెథ్రాయిడ్ రకం మందులే. మనిషికి స్వల్పంగా, సాలెపురుగులకు తీవ్రంగా హానిచేసేవి అవి. అయినా లక్షణాలు సరిపోయినంత మాత్రాన నేరం రుజువు కాదు.

2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది మూర్ఛలతో ఆసుపత్రి పాలైనప్పుడు జరిగిన అన్వేషణ ఇక్కడ గుర్తుకు రాక మానదు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నట్టు ఢిల్లీ ఎయిమ్స్ గుర్తించింది. తర్వాత అనుమానం పురుగుమందుల అవశేషాల వైపు మళ్లింది. నీరు, పాలు, కూరగాయలు, రక్తం, అన్నిటినీ పరీక్షించవలసి వచ్చింది. మనుషుల విషయంలోనే ఇంత శ్రమ అయితే, అరచేతి పరిమాణంలో ఉండే సాలీడు నుంచి పరీక్షకు దొరికే రక్తద్రవమెంత?

అందుకే వివరాల నమోదు పరీక్షలంత ముఖ్యమవుతుంది. ఒకే గదిలోని సాలీళ్లన్నీ ఒకటి రెండు రోజుల్లోనే పడిపోతే గాలిలోనో మేతలోనో విషం ఉందనుకోవాలి. వారాల తేడాతో పక్క పక్క పెట్టెలకు పాకితే అంటువ్యాధిని అనుమానించాలి. ఒక్క ముసలి మగదే నీరసిస్తే అసలు వెతకవలసిందేమీ లేకపోవచ్చు. మేత ఎక్కడ కొన్నారు, ఎప్పుడు వేశారు, ఇంట్లో ఏ మందు ఎప్పుడు చల్లారు అనే తేదీలు లేకుండా ప్రయోగశాల చేయగలిగింది తక్కువ.

చనిపోయిన ప్రాణిని పారేయడం మరో అడ్డంకి. టరాంటులా లోపలి భాగాలు చావు తర్వాత చాలా త్వరగా కరిగిపోతాయి. జన్యుపరీక్షకు నమూనాను సారాయి ద్రవం ఇథనాల్‌లోనూ, కణజాల పరీక్షకు ఫార్మలిన్‌లోనూ భద్రపరచాలి. గట్టి పైపెంకును దాటి ఫార్మలిన్ లోపలికి సరిగా చేరదు కాబట్టి ముందే పొట్టపై చిన్న కోత పెట్టాలి. విషపరీక్షకైతే ఏ ద్రవమూ కలపకుండా మరో భాగాన్ని గడ్డకట్టించి ఉంచాలి. నోటిలోని నులిపురుగులను బతికి ఉండగానే చూడడం సులువు: ఉప్పునీటితో తడిపిన దూదిపుల్లతో నోటిని తుడిచి, ఆ తడిని గాజుపలకపై వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే చాలు.

ఈ జాతి సాలీళ్లన్నిటి అంతర్జాతీయ వ్యాపారం 2019 నుంచి సైటిస్ ఒప్పందం రెండో అనుబంధం కింద నియంత్రణలో ఉంది. సైటిస్ నిబంధనలను దేశీయ చట్టంలోకి తెచ్చేందుకు భారత పార్లమెంటు 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించింది.