టీవీ స్విచ్చు నుంచి క్యూఆర్ కోడ్ దాకా

1975 ఆగస్టు 1న మొదలైన ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ పాఠాల ప్రయోగంలో పల్లెటూరి పంతులుగారి వంతుకొచ్చిన పని చిన్నదే. వేళకు టీవీ పెట్టాలి, పిల్లల్ని గోల చేయకుండా కూర్చోబెట్టాలి. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మన దేశం ఏడాదిపాటు వాడుకుంది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్లకు నేరుగా బొమ్మ చేరింది. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి, తెలుగులోనూ కార్యక్రమాలు వచ్చాయి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం ఊరందరికీ. అర్థం కాని ముక్కను వెనక్కి తిప్పి చూపే వీలు మాత్రం లేదు. బడిలో నడుస్తున్న పాఠం, టీవీలో వచ్చే పాఠం ఒకటే అయితే అదృష్టమే! సెలవుల్లో వేలమంది టీచర్లకు సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చిందీ ఆ టీవీయే. అక్కడా వాళ్లు ప్రేక్షకులే.

1984లో యూజీసీ కాలేజీ విద్యార్థుల కోసం దూరదర్శన్‌లో పాఠాలు మొదలుపెట్టింది. 2004 సెప్టెంబర్ 20న చదువు కోసమే తయారైన ఎడ్యుశాట్ ఉపగ్రహం శ్రీహరికోట నుంచి ఎగిరింది. స్టూడియోలోని మాస్టారిని ప్రశ్న అడిగే సౌకర్యం వచ్చినా, ఏ రోజు ఏ పాఠమో తేల్చేది స్టూడియోయే.

అసలు మలుపు ఉపగ్రహాల వల్ల రాలేదు. అమెరికాలో సల్మాన్ ఖాన్ అనే ఉద్యోగి దూరాన ఉన్న బంధువుల పిల్లలకు లెక్కలు చెబుతూ, 2006లో ఆ పాఠాలను యూట్యూబ్‌లో పెట్టాడు. ఎదుటపడి చెప్పే అన్నయ్య కన్నా వీడియోలోని అన్నయ్యే నయమన్నారట పిల్లలు. ఆపవచ్చు, మళ్లీ చూడవచ్చు, విసుక్కునేవాళ్లు ఉండరు. అలాంటి వీడియోలను తరగతిలో ఆపి ఆపి చూపే రిమోట్ ఇక టీచరు చేతికొచ్చింది కానీ, దొరికిన వీడియోల్లో ఎక్కువ ఇంగ్లిషువే.

భాష చిక్కును తన తరగతి మేరకు విప్పిన మాస్టారు మహారాష్ట్రలో ఉన్నారు. సోలాపూర్ జిల్లా పరితెవాడి బడిలో రంజిత్‌సిన్హ్ దిసాలే పనిచేశారు. అక్కడి పిల్లల ఇంటి భాష కన్నడం. ఆయన కన్నడం నేర్చుకుని పుస్తకాలను ఆ భాషలోకి మార్చి, పేజీల మీద క్యూఆర్ కోడ్‌లు వేశారు. స్కాన్ చేస్తే పద్యం వినిపిస్తుంది, పాఠం వీడియోగా కనిపిస్తుంది. పాఠ్యపుస్తకంలో కోడ్‌ల పద్ధతిని ఆ రాష్ట్రం అందిపుచ్చుకుంది. 2020లో ఆయనకు ప్రపంచ ఉపాధ్యాయ బహుమతిగా 10 లక్షల డాలర్లు వస్తే, సగం తక్కిన తొమ్మిదిమంది ఫైనలిస్టులకు పంచేశారు. ఈ మొత్తం కథలో టీచరు వాడుకరి నుంచి రచయితగా మారిన ఘట్టం ఇదే.

2017 సెప్టెంబర్ 5న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ‘దీక్ష’ అనే డిజిటల్ పాఠాల వేదికను ప్రారంభించారు. ఇప్పుడు తెలుగు పాఠ్యపుస్తకాల్లోనూ దానికి దారితీసే క్యూఆర్ కోడ్‌ల నలుపు తెలుపు గళ్లు కనిపిస్తాయి.

కోవిడ్ రాగానే చక్రం వెనక్కి తిరిగింది. 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ పిల్లలకు పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో వచ్చాయి. అందరిళ్లలో స్మార్ట్‌ఫోన్ లేదు కదా మరి. సైట్ రోజుల లెక్కే మళ్లీ అవసరపడింది.

అయితే టీచరు చేతికొచ్చిన పరికరం ఆయన సొంతం కాదు. 2008లో పుట్టి ఎన్నో దేశాల తరగతుల్లో అలవాటైన ఆన్‌లైన్ వేదిక ఎడ్మోడో 2022 సెప్టెంబర్‌లో మూతపడింది. పిల్లలంతా ఒకేసారి రాయగలిగిన గూగుల్ జామ్‌బోర్డ్ 2024 డిసెంబర్ 31న ఆగిపోయింది. గడువులోగా తమ బోర్డులను పీడీఎఫ్‌లుగా దించుకోవడమో, వేరే కంపెనీల బోర్డుల్లోకి మార్చుకోవడమో చేయాల్సిన పని టీచర్ల మీదే పడింది.