చెదపురుగు

చెదపురుగులు కలప, ఎండుటాకులు, కాగితం వంటి వాటిలోని సెల్యులోజ్‌ను తిని సంఘజీవనం గడిపే కీటకాలు. వీటిని తెల్లచీమలని కూడా అంటారు గాని ఇవి చీమలు కావు. బొద్దింకలకు దగ్గరి బంధువులు. ప్రపంచంలో సుమారు 3,000 జాతులున్నాయి. అధిక జాతులు మనిషికి హాని చేయవు. ఎండిన వృక్షభాగాలను జీర్ణించుకొని నేలకు పోషకాలను చేరుస్తాయి.

జీవనం

సమూహంలో రాజు, రాణి, శ్రామికులు, సైనికులు ఉంటాయి. చీమలలో శ్రామికులన్నీ ఆడవే. చెదలలో ఆడ, మగ రెండూ ఉంటాయి. తొలకరి వానలకు దీపాల చుట్టూ మూగే ఉసిళ్ళు రెక్కలు వచ్చిన చెదలే.

రకాలు

* నేల చెదలు: వీటికి తేమ అవసరం. అందుచేత నేల నుండి ఆహారం వరకు మట్టి గొట్టాలు కట్టుకుంటాయి. భారతదేశంలో విరివిగా కనిపించే ఒడొంటోటెర్మిస్ ఒబెసస్ అనే జాతి పుట్టలు పెట్టి, వాటిలో శిలీంధ్రాన్ని పెంచుకుంటుంది. పాముపుట్టలుగా జనం భావించేవి చాలావరకు చెదలు కట్టినవే.
* పొడి కర్ర చెదలు: ఇవి కర్రలోనే నివసిస్తాయి. మట్టి గొట్టాలు ఉండవు. గసగసాల వంటి విసర్జన గుళికలు రాలుతుంటాయి.

నివారణ

ముందుగా రకాన్ని గుర్తించాలి. నేల చెదల గొట్టాలను చెరిపివేసినంత మాత్రాన ఫలితం ఉండదు. సమూహం భూమిలోనే ఉంటుంది. కట్టడానికి ముందే పునాది మట్టిని కీటకనాశినితో శుద్ధి చేయడం మేలు. ఇందుకు ఐఎస్ 6313 అనే భారతీయ ప్రమాణం ఉంది. పొడి కర్ర చెదలకు నేలలో మందు పోయడం వృథా. ఆ కర్రకే మందు పట్టించాలి లేదా దానిని తొలగించాలి. పుస్తకాల బీరువాలను తేమ గోడలకు ఎడంగా ఉంచి తరచు పరిశీలించాలి.