తెర మా పేటకొచ్చిన కాలం

నేను చదివిన సినిమా చరిత్రల్లో హీరోలున్నారు, స్టూడియోలున్నాయి, శతదినోత్సవాలున్నాయి. నేల టిక్కెట్టు కొనుక్కున్నవాడు ఎక్కడో ఒక వాక్యంలో తగులుతాడు. హాలుకెళ్ళి ఇమడలేక టీవీనీ వీసీఆర్‌నీ రిక్షా ఎక్కించి తన పేటకి తెచ్చుకున్నవాడు మాత్రం ఎక్కడా కనపడడు. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో, కొల్లేటి ఒడ్డు ఊళ్ళల్లో వీడియో కొట్లు పుట్టాయి, పాతికేళ్ళు బతికాయి, పోయాయి. వాటి గురించి చెప్పేవాళ్ళు ఒక వ్యాపారం వచ్చింది, ఇంకో వ్యాపారం వచ్చి దాన్ని మింగింది అని చెప్పి ఊరుకుంటారు. మా మాల మాదిగ పేటల లెక్క అది కాదు. మాకది తెర మా గడపలోకి వచ్చిన కాలం. దాన్ని మా వైపు నించి మేమే రాసుకోవాలి.

ముందు తెర ఎవరి గడపలో ఉండేదో చెప్పాలి.

మా ఊరు కొల్లేటికి దగ్గర. ఊరి చివర మాలపేట, దాన్ని ఆనుకుని మాదిగపేట. మాది మాదిగపేట. 1987 జనవరిలో దూరదర్శన్‌లో రామాయణం సీరియల్ మొదలయ్యేనాటికి ఊళ్ళో రెండు మూడిళ్ళల్లోనే టీవీ ఉండేదట. ఆదివారం పొద్దున్న ఊరివాళ్ళు లోపల కూర్చుంటే, పాలేరుతనం చేసే మా పెదనాన్న లాంటివాళ్ళు కిటికీ బయట నిలబడి చూసేవాళ్ళు. లోపల చోటు లేక కాదు. శ్రీరామనవమికి రామాలయం ముందు గుడ్డ తెర కట్టి సినిమా వేసేవాళ్ళు. మావాళ్ళకి తెర వెనకాల చోటు. వెనక నించి చూస్తే అక్షరాలు తిరగబడి కనపడతాయి. "మనకి అక్షరాలు రావు కదరా, తిరగబడితే ఏంటి, తిన్నగా ఉంటే ఏంటి?" అని మా పెదనాన్న నవ్వేవాడు.

సినిమా హాల్లో టిక్కెట్టుకి కులం లేదంటారు. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని రేటే తప్ప ఇంకేం లేదంటారు. ఏలూరు లాంటి పట్నంలో అది కొంత నిజం. ఆ రద్దీలో ఎవడు ఏ పేటవాడో ఎవడికి తెలుసు? పల్లెటూరి హాల్లో అలా కాదు, అందరికీ అందరూ తెలుసు. 1991 జూలైలో గుంటూరు జిల్లా చుండూరులో సినిమా హాల్లోనే చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు రెడ్ల కుర్రాడికి తగిలింది. గొడవ అక్కడ రాజుకుంది. దళితవాడని సాంఘికంగా వెలేశారు. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014లో హైకోర్టు వాళ్ళందర్నీ నిర్దోషులని వదిలేసింది.

చుండూరుకీ మా కొల్లేటికీ మధ్య కృష్ణా నది ఉంది. అయినా ఆ కబురు మా పేటల్లో ప్రతి గడపకీ చేరింది. ఆ తర్వాత చాలా కాలం మా నాన్న ఏ హాలుకెళ్ళినా కాళ్ళు ముడుచుకునే కూర్చునేవాడని అమ్మ చెప్పింది. మూడు గంటలు కాళ్ళు ముడుచుకుని చూసే సినిమా ఏం సినిమా?

ఇది తెలిస్తేనే వీడియో మాకెందుకంత ముఖ్యమైందో తెలుస్తుంది.

వీహెచ్ఎస్ పద్ధతిని జపాన్‌లో జేవీసీ కంపెనీ 1976లో తెచ్చింది. మన దేశంలో 1982లో ఆసియా క్రీడల ఏడాది రంగుల టీవీ వచ్చింది. దాని వెనకే వీసీఆర్‌లొచ్చాయి. గల్ఫ్ వెళ్ళొచ్చినవాళ్ళు తెచ్చినవి కొన్ని, కొట్లో కొన్నవి కొన్ని. చూస్తుండగానే ఏలూరు, గూడెం బజార్లలో వీడియో కొట్లు వెలిశాయి. అప్పట్లో ఈ రెండూ ఒకే జిల్లా. ఏలూరు వేరే జిల్లా అయింది 2022లో.

అద్దెకి వచ్చేది సరుకొక్కటే కాదు. టీవీ, వీసీఆర్, మూడు క్యాసెట్లు, వాటికి తోడు ఒక కుర్రాడు. సాయంత్రం వచ్చి తెల్లారేసరికి వెళ్ళిపోవాలి. హెడ్డుకి మురికి పట్టి బొమ్మ చెదిరితే స్పిరిట్‌తో తుడవటం, గీతలొస్తే ట్రాకింగ్ తిప్పటం, కరెంటు పోతే తిట్లు తినటం ఆ కుర్రాడి ఉద్యోగం. రోడ్డు లేని లంక ఊళ్ళకి దోనె మీద వెళ్ళేవాళ్ళు. టీవీకి బొంత చుట్టి దోనె మధ్యలో పెట్టి, పసిపిల్లని పట్టుకున్నట్టు ఒకడు దాన్ని పట్టుకుని కూర్చునేవాడట.

డబ్బులెక్కడివి? చందా. చేపల చెరువు పట్టుబడి అయిన వారం కూలీల చేతిలో నాలుగు రూపాయలాడేవి. ఈ చెరువుల కథ కూడా ఒక మాట చెప్పాలి. 1970ల్లో ప్రభుత్వం కొల్లేట్లో మత్స్యకారులకీ దళితులకీ సొసైటీల పేరున చెరువులిచ్చింది. రానురాను కాగితం మీద పేరు మావాళ్ళదీ, లీజు డబ్బున్నవాళ్ళదీ అయింది. తన పేరున్న చెరువులో తనే కూలీ. ఆ కూలి డబ్బుల్లోంచి ఇంటికింతని ఎత్తి వీడియో తెచ్చేవాళ్ళు.

కొట్టు దగ్గర ఇంకో గడప ఉండేది. దాని పేరు డిపాజిట్టు. ఊళ్ళో రైతు వస్తే నోటిమాట చాలు. పేటవాడు వస్తే డిపాజిట్టు కట్టాలి, లేదంటే ఊళ్ళో ఎవరో ఒక ఆసామి హామీ ఉండాలి. హామీ అడగటానికి వెళ్తే ఆసామి, "ఏరా, తిండికి లేదుగానీ వీడియో కావాల్సొచ్చిందా?" అనేవాడు. ఆ మాట పడలేక మా నాన్న ఒకసారి రేషన్ కార్డు కొట్లో పెట్టి టీవీ తెచ్చాడు. ఒక రాత్రి సినిమాకి నెల బియ్యం తాకట్టు. పొగరనుకున్నవాళ్ళు అనుకున్నారు. నాకది ఆత్మగౌరవం లాగే కనపడుతుంది.

ఆ రాత్రి పేటలో ఎవరెక్కడ కూర్చోవాలో చెప్పేవాడు లేడు. ఊరివాళ్ళు ఎదురొస్తే మంచం మీంచి లేచి నిలబడే మావాళ్ళు, ఆ రాత్రి మంచాలన్నీ వీధిలో వేసుకుని పడుకుని చూశారు. కాళ్ళు చాపుకున్నారు. నచ్చిన పాట వెనక్కి తిప్పించి మళ్ళీ చూశారు. హాల్లో ఎవడు తిప్పుతాడు మనకోసం? క్రిస్మస్‌కి, కొత్త సంవత్సరానికి చర్చి ముందు 1978లో వచ్చిన 'కరుణామయుడు' వేసేవాళ్ళు. విజయచందర్ సిలువ మోస్తుంటే మా నాయనమ్మ, ఎన్నిసార్లు చూసినా, మళ్ళీ ఏడ్చేది.

అంతా మంచే జరిగిందని రాస్తే అది చరిత్ర కాదు. మాలపేటా మాదిగపేటా కలిసి చందా వేసుకున్న రాత్రులున్నాయి. టీవీ ఎవరి హద్దులో పెట్టాలన్న దగ్గర కొట్టుకున్న రాత్రులూ ఉన్నాయి. రెండో సినిమా అయ్యాక ఆడవాళ్ళని, పిల్లల్ని ఇళ్ళకి తోలి, మూడోదానికి మగాళ్ళు ఏ క్యాసెట్ పెట్టేవాళ్ళో అందరికీ తెలుసు. చందాలో మా అమ్మ నాట్లేసిన కూలి కూడా ఉంది, మూడో క్యాసెట్టు మీద మాత్రం ఆమెకి హక్కు లేదు. ఇక ఆ సినిమాల్లో మేమెక్కడున్నాం? పాలేరుగానో, తాగుబోతుగానో, దొర కాళ్ళ మీద పడి ఏడ్చేవాడిగానో ఉన్నాం. తెర మా పేటకొచ్చింది గానీ తెర మీదకి మా పేట రాలేదు.

వచ్చింది ఒకే ఒక దారిన. వీడియో కొట్టువాడే కెమెరా భుజానేసుకుని పెళ్ళిళ్ళకొచ్చేవాడు. 1990లో బాబాసాహెబ్‌కి భారతరత్న ఇచ్చారు, 1991లో శతజయంతి. ఆ ఊపులో పేటపేటకీ అంబేడ్కర్ విగ్రహం లేచింది. మా పేటలో కొంచెం ఆలస్యంగా 1998లో పెట్టారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ రోజు మొత్తం వీడియో తీయించారు. అందులో మా తాత డప్పు కొడతాడు. మా తాతకి ఫొటో లేదు, సంతకం లేదు, ఆయన పేరున సెంటు భూమి లేదు. ఆయన ఈ భూమ్మీద ఉన్నాడనటానికి ఉన్న ఒకే ఒక బొమ్మ అది. చావులకీ జాతరలకీ ఊరి పిలుపు మీద కొట్టిన డప్పు, ఆ రోజు తన కోసం కొట్టుకున్నాడు.

ఇక కొట్లు ఎలా పోయాయో చెప్పాలి. ఒక్క దెబ్బకి పోలేదు. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. కేబుల్ వైరు ఊళ్ళల్లోకి పాకింది. కేబుల్‌వాడు రాత్రిపూట కొత్త సినిమా వేస్తుంటే క్యాసెట్ ఎవడు తెస్తాడు? ఆ పైన సీడీలొచ్చి క్యాసెట్లని తోసేశాయి. 2007 నించి రెండేళ్ళు నేను గూడెంలో డిగ్రీ చదువుతూ సాయంత్రాలు ఒక సీడీ కొట్లో పనిచేశాను. అద్దె పుస్తకం నా చేతికొచ్చింది. పేరు, అడ్రసు, సీడీ నెంబరు, డిపాజిట్టు. కొన్ని అడ్రసుల పక్కన పెన్సిలుతో చిన్న చుక్క. ఆ చుక్కలున్నవన్నీ పేటలు, కాలనీలు. ఎవరూ నాకు విడమరిచి చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. మా నాన్న దగ్గర రేషన్ కార్డు ఎందుకు పుచ్చుకున్నారో ఆ చుక్క చూస్తే తెలిసింది.

అప్పుడే మోజర్ బేర్ కంపెనీ సినిమా వీసీడీని 28 రూపాయలకి, డీవీడీని 34 రూపాయలకి అమ్మటం మొదలెట్టింది. మా కొట్లో అద్దె రోజుకి పది. మూడ్రోజుల అద్దెకి సొంతమే వస్తుంటే అద్దె ఎవడు కడతాడు? తర్వాత మెమరీ కార్డులొచ్చాయి. సెల్ షాపులో ఇరవై రూపాయలిస్తే కార్డు నిండా సినిమాలెక్కించేవాడు. మేం అద్దెకిచ్చినా, వాడు ఎక్కించినా చాలావరకు దొంగ ప్రింట్లేనన్నది కూడా రాసుకోవాలి. చివరికి అంత చవగ్గా అమ్మిన మోజర్ బేర్‌ని కూడా 2018లో దివాలా కింద మూసేయమన్నారు.

మా పేటల వైపు నించి ఇంకో కారణం ఉంది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సు బతకాలి, నిజమే. కానీ చెరువు పోయినప్పుడు లీజుదారుడితో పాటు కూలీ పని కూడా పోయింది. చందా ఎత్తే కుర్రాళ్ళు తాపీ పనులకీ సెంట్రింగు పనులకీ హైదరాబాదు బస్సెక్కారు. ఎత్తేవాడు లేక చందా ఆగింది. చందా లేక వీధిలో సినిమా ఆగింది.

బయటి ప్రపంచంలోనూ ఇదే వరస. అమెరికాలో వేల కొట్లున్న బ్లాక్‌బస్టర్ 2010లో దివాలా తీసింది. పోస్టులో డీవీడీలు పంపటానికి 1997లో పుట్టిన నెట్‌ఫ్లిక్స్ 2007లో ఇంటర్నెట్టు మీద సినిమా చూపించటం మొదలెట్టి, 2023లో డీవీడీలు పంపటమే మానేసింది. మన దేశానికి నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలో, ప్రైమ్ వీడియో అదే ఏడాది డిసెంబరులో వచ్చాయి. మధ్యలో సెప్టెంబరులో జియో వచ్చి డేటా ఉచితంగా పోసింది. 2020లో తెలుగుకే ఆహా వచ్చింది.

దీన్ని నేను శాపనార్థాలు పెట్టను. ఫోనులోని తెర కులం అడగదు, ఆసామి హామీ అడగదు. పగలగొట్టిన తలుపు కొంత ఉంది. 2021లో 'నారప్ప', 'జై భీమ్' ప్రైమ్‌లో నేరుగా మా చేతుల్లోకే వచ్చాయి. నా క్లాసులో తొమ్మిదో తరగతి ఆడపిల్ల 'జై భీమ్' చూసి, "సార్, లాయరు చదవాలంటే ఏం చేయాలి?" అని అడిగింది. మూడో క్యాసెట్టు దగ్గర మా అమ్మని లేపేశారు. ఈ పిల్లని ఎవరూ లేపలేదు. ఇది చిన్న సంగతి కాదు.

కానీ ఇదీ గడపే. నెలనెలా డబ్బు, బ్యాంకు ఎకౌంటు, ఓటీపీ. ఎవరిదో ఒక పాస్‌వర్డు మీద ఆరిళ్ళు చూస్తున్నాయి. కులం అడగని కౌంటరు పైసలడుగుతుంది, మన దేశంలో ఆ రెంటికీ దూరం ఎంతో మనకి తెలుసు. పేటంతా ఒక కథ చూసి, తెల్లారి బోరింగు దగ్గర, పొలం గట్టున దాని గురించి వాదించుకోవటం పోయింది. పిల్లల్ని నిన్నేం చూశారని అడిగితే ముప్పై మంది ముప్పై పేర్లు చెబుతారు.

అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకోటుంది. యాప్‌లో వేల సినిమాలున్నాయి, మా తాత డప్పు లేదు. కొట్లు మూసేసినప్పుడు క్యాసెట్లు కిలోల లెక్కన పాత సామాన్లవాడికి పోయాయి. సినిమా క్యాసెట్ పోతే ఇబ్బంది లేదు, ఆ సినిమా ఇంకోచోట ఉంటుంది. వాటితో కలిసి విగ్రహాల ఆవిష్కరణలు, సభలు, పెళ్ళి ఊరేగింపులు, మన నాయకుల ఉపన్యాసాలు పోయాయి. వాటికి ఇంకో కాపీ లేదు. మా పేటలో రెండిళ్ళ ట్రంకుపెట్టెల్లో కొన్ని మిగిలాయి. కొల్లేటి చెమ్మకి టేపు మీద తెల్లగా బూజు పట్టింది. మా తాత ఉన్న క్యాసెట్ అందులో ఒకటి. బూజు పట్టిన టేపుని అలాగే మిషన్లో పెడితే టేపూ పోతుంది, మిషనూ పోతుంది. ఆ మిషన్లు కూడా ఇక రావు. వీసీఆర్‌లు చేస్తున్న చివరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016 జూలైలో తయారీ ఆపేసింది.

కాబట్టి ఇది చదివే విద్యార్థులకీ కార్యకర్తలకీ నాదొక పని. ఈ సెలవులకి మీ పేటకెళ్ళినప్పుడు ట్రంకుపెట్టెలు తీయించండి. క్యాసెట్లని ఎండలో పెట్టకండి, మిషన్లో తోయకండి. పొడిగుడ్డలో చుట్టి, ఇలాంటివి శుభ్రం చేసి కంప్యూటర్లోకి ఎక్కించటం తెలిసినవాడి దగ్గరికి తీసుకెళ్ళండి. అయ్యే ఖర్చుకి చందా ఎత్తండి. మన పేటలకి చందా కొత్త కాదు. బొమ్మ వచ్చాక ఊరికే చూసి వదిలేయకండి. ముసలివాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని, విగ్రహం పక్కన నిలబడ్డదెవరు, మైకు పట్టుకున్నదెవరు, డప్పు కొడుతున్నదెవరు అని అడిగి పేర్లు రాసుకోండి. ఆ పేర్లు చెప్పగలిగినవాళ్ళు ఇంకా కొంతమందే ఉన్నారు.